పిడికెడు బియ్యం డబ్బా ఇంకా అవసరమా?

కోశాధికారి_కష్టాలు
మాది ప్రకాశం జిల్లాలో పల్లెటూరు. మా క్రైస్తవ సంఘంలో 84 కుటుంబాలు. పోయిన ఏడాది నుంచి డబ్బు లెక్కలు నా నెత్తిన పడ్డాయి. మా నాయనమ్మల కాలం నుంచి మా దగ్గర ఒక అలవాటు ఉంది. ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఇంటావిడ ఒక పిడికెడు తీసి, మందిరానికి కానుకగా పక్కనున్న డబ్బాలో వేస్తుంది. నెలాఖరుకు స్త్రీల సమాజం వాళ్లు సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పోగు చేస్తారు.

పోయిన నెల వచ్చింది 61 కిలోలు. రేషన్ బియ్యం, సోనామసూరి, నూకలు అన్నీ కలిసిపోయి ఉంటాయి కాబట్టి మనుషులెవరూ కొనరు. చివరికి కోళ్ల దాణాకు కిలో 18 రూపాయల చొప్పున పోతే 1,098 రూపాయలు వచ్చాయి. ఫోను ద్వారా వచ్చే కానుకలు ఒక్క ఆదివారానికే 9 వేలు దాటుతున్నాయి. ఈ 1,098 కోసం అరవై దాటిన ఇద్దరు ఆడవాళ్లు మూడు రోజులు ఎండలో తిరిగారు. మందిరం వెనక గది నిండా ముక్కుపురుగులు. మొన్న ప్రసంగం మధ్యలో ఒకటి అయ్యగారి బైబిలు మీద నడుచుకుంటూ పోయింది.

ఆపేద్దామని కమిటీలో అన్నాను. సమాజం అధ్యక్షురాలు అప్పటి నుంచి నా ముఖం చూడడం లేదు. మా అమ్మ కూడా మాట్లాడడం లేదు. నేనన్న దాంట్లో తప్పేముంది?

ఫ్యాను_రెక్క
ఆ పురుగును ఏమీ అనకండి. ప్రసంగం జరుగుతుంటే ముందుకు వచ్చింది. మా సంఘంలో వెనక బల్లల వాళ్లు వెనక్కే వెళతారు.

లెక్కల_మాస్టారు
పిడికెడంటే సుమారు 50 గ్రాములు అనుకుందాం. రెండు పూటలకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు. 84 ఇళ్లకు 252 కిలోలు రావాలి. మీకు వచ్చింది 61, అంటే పావు వంతు కూడా కాదు. డబ్బా చిన్నదని గొడవ పడుతున్నారు కానీ, మిగిలిన ముప్పావు వంతు ఎందుకు ఆగిందో ఎవరినైనా అడిగారా?

కోశాధికారి_కష్టాలు
అడగలేదు మాస్టారూ. రాత్రిపూట చపాతీలు తినే ఇళ్లు ఎక్కువయ్యాయని నా ఊహ.

లెక్కల_మాస్టారు
ఊహలు లెక్కల పుస్తకంలో రాయకూడదు.

రేషన్_కార్డు
ఒక హెచ్చరిక. రేషన్ బియ్యం అమ్మడం, కొనడం రెండూ నేరమే. దాణా వ్యాపారికి అమ్మానని బహిరంగంగా రాయడం కూడా తెలివైన పని కాదు. ముందు అది ఆపండి.

కోశాధికారి_కష్టాలు
అయ్యో. ఇది నిజంగా తట్టలేదు. ఇక అమ్మం.

ఐజ్వాల్_మకాం
నేను బ్యాంకు ఉద్యోగం మీద మూడేళ్లుగా మిజోరంలో ఉంటున్నాను. మీ డబ్బాను ఇక్కడ బుహ్‌ఫాయ్ థమ్ అంటారు, పిడికెడు బియ్యమనే అర్థం. 1910లో ఆడవాళ్లు మొదలుపెట్టారు. అప్పట్లో ఇక్కడి వాళ్ల చేతిలో నగదు లేదు, ఉన్నది కొండవాలు పంట మాత్రమే. మగవాళ్ల సమావేశాల్లో ఆడవాళ్ల మాట చెల్లే రోజులూ కావు. వాళ్ల పెత్తనం సాగేది వంటింట్లో ఒక్కచోటే. అక్కడి నుంచే ఇచ్చారు.

ఇప్పుడు ఇక్కడ కార్లున్నాయి, జీతాలున్నాయి, ఫోనులో డబ్బు పంపే సదుపాయమూ ఉంది. అయినా డబ్బా ఆగలేదు. మా ఇంటి యజమానురాలు ప్రభుత్వంలో పెద్ద అధికారి. అన్నం వండే ముందు గుప్పెడు తీయకపోతే ఆమెకు ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది. పోగైన బియ్యాన్ని సంఘం వాళ్లు అమ్ముతారు, ఆ డబ్బు సువార్త పనికి, సంఘం ఖర్చులకు వెళుతుంది. రోజూ తినడానికి ఏదో ఒకటి ఉన్నంత కాలం ఇవ్వడానికీ ఏదో ఒకటి ఉన్నట్టే అని వాళ్ల వాదన. నేను కాదనలేకపోయాను. ఒంటరిగా ఉంటున్నా ఒక డబ్బా పెట్టుకున్నాను.

ఫ్యాను_రెక్క
మీరు వండుకుంటారా, బయట తింటారా?

ఐజ్వాల్_మకాం
బయటే తింటాను. డబ్బాలో ఎక్కువగా గాలే ఉంటుంది. అడిగి పరువు తీశారు.

నిలదీసేవాడు
మిజోరంతో పోలిక సరిపోదు. అక్కడ జనాభాలో నూటికి 87 మంది క్రైస్తవులు, సంఘాల లెక్కలు అచ్చు వేసి పంచుతారు. మా సంఘంలో మూడేళ్లుగా జమాఖర్చు చదివిన వాళ్లు లేరు. చిన్న కానుక ఎంత గొప్పదో ప్రతి ఆదివారం చెబుతారు, పెద్ద కానుక ఎక్కడికి పోయిందో చెప్పరు. ఉన్నదంతా కానుక వేసిన పేద విధవరాలి రెండు కాసుల మీద ఏడాదికి నాలుగు ప్రసంగాలు వింటాం. ఆ అధ్యాయంలోనే, దానికి సరిగ్గా ముందు, విధవరాళ్ల ఇళ్లను దిగమింగే శాస్త్రుల (అప్పటి యూదుల ధర్మశాస్త్ర బోధకుల) గురించి ప్రభువు ఏమన్నాడో మాత్రం ఒక్కరూ చదవరు. మార్కు 12 తీసి చూడండి.

ఇంకొకటి. మా తాత కూలి గింజల్లోంచి కానుక తీశాడు. ఎస్సీ రిజర్వేషన్ మాత్రం, క్రైస్తవులైతే ఎస్సీ హోదా లేదనే 1950 ఉత్తర్వు వల్ల మాకు లేదు, అది ప్రభుత్వం సంగతి. పక్క ఊళ్లో మన విశ్వాసులే శ్మశానంలో వేరే వరుస గీశారు. మరి అది ఎవరి సంగతి? గుప్పెడు గింజలతో ఆ గీత చెరుగుతుందా?

మోడరేటరు
కోపం ఉండొచ్చు, ఊరి పేర్లు వద్దు. పైన ఆ జాగ్రత్త పాటించారు, సంతోషం. మరో మాట, "ఆమేన్" అని ఒక్క ముక్క రాసే జవాబులు తీసేస్తున్నాను. ఇప్పటికే పదకొండు వచ్చాయి.

ఫ్యాను_రెక్క
ఆమేన్.

గుండ్లకమ్మ_గట్టు
ప్రకాశం జిల్లా అన్నారు కాబట్టి మన కొండ సంగతి చెప్పకుండా ఉండలేను. 1853 నాటికి నెల్లూరు మిషను మూసేద్దామా వద్దా అని అమెరికాలో బాప్టిస్టులు తర్జనభర్జన పడుతున్నారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పటం మీద ఒంటరి నక్షత్రంలా ఉందని దానికి ఆ పేరే పడింది. అలాంటి సమయంలో 1854 జనవరి 1న తెల్లవారక ముందే ఒంగోలు కొండ ఎక్కింది ఐదుగురు. ఆ మిషను నడిపే జ్యువెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు: క్రిస్టియన్ నర్సు (అది మనిషి పేరే), జూలియా, రూతు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేసి దిగిపోయారు.

చేసింది అంతే. పన్నెండేళ్ల తర్వాత, 1866లో, అదే మిషనుకు చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు. కొండ ఎక్కిన ఐదుగురి దగ్గర డబ్బు లేదు, భవనం లేదు. కోశాధికారి గారు అప్పట్లో ఉండి ఉంటే ఖర్చు దండగని ఆ కొండ ఎక్కనిచ్చేవారా?

కోశాధికారి_కష్టాలు
కొండ ఎక్కడానికి ఖర్చు లేదు కదండీ. ఎక్కనిచ్చేవాణ్ణే.

నిలదీసేవాడు
గుండ్లకమ్మ గారూ, మధ్యలో ఒక పెద్ద కరువును ఎగరగొట్టేశారు. 1876 నుంచి 78 దాకా జనం ఆకులు తిన్నారు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి డబ్బులు ఇప్పించాడు. ప్రాణాలు నిలిపింది ఆ కాలువ పని. కొండ మీద ప్రార్థన నుంచి నేరుగా 2,222కు గెంతితే పిల్లలకు చెప్పే కథలా ఉంటుంది.

గుండ్లకమ్మ_గట్టు
కాలువ సంగతి నాకు తెలియదనుకున్నారా? ఆ కరువు పని నడుస్తున్నంత కాలం ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని ఆపాడు. సాయం ముగిసి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. మీ వాదనకు ఇది కూడా కలుపుకోండి.

లెక్కల_మాస్టారు
ఇద్దరూ దొర దగ్గరే ఆగిపోయారు. ఎర్రగుంట్ల పేరయ్యను వదిలేశారు. మాదిగవాడు, తోలు వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి. క్లౌ ఒంగోలు రాకముందే విని నమ్మాడు, తిరిగిన ప్రతి ఊళ్లో చెప్పాడు. కొండ మీద ప్రార్థనకూ నదిలో బాప్తిస్మానికీ నడుమ ఉన్న ఆ ఏళ్లలో మాట ఇంటింటికీ చేర్చింది అలాంటి వాళ్ల కాళ్లు. సంత నుంచి వచ్చి, చాప మీద కూర్చుని, చుట్టాలకు రెండు మాటలు చెప్పడం. పెద్ద పనిలాగా కనిపించదు, అందుకే పేర్లు మరిచిపోతాం.

నిలదీసేవాడు
దీనికి ఒప్పుకుంటున్నాను. గుడి గోడల మీద దొరల ఫొటోలే ఉంటాయి, పేరయ్య ఉండడు.

పదిహేనో_వార్డు
నర్సుగా 26 ఏళ్లు చేశాను. చదువు వేలూరు వైపు. అక్కడి పెద్ద క్రైస్తవ ఆస్పత్రిని మొదలుపెట్టిన ఐడా స్కడర్ కథ మాకు మొదటి వారంలోనే చెప్పారు: ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వేర్వేరుగా వచ్చి తలుపు తట్టడం, మగ డాక్టరు వద్దని వాళ్లు వెళ్లిపోవడం, తెల్లారేసరికి ముగ్గురి భార్యలూ కాన్పులో చనిపోవడం. ఆమె చదువుకుని తిరిగొచ్చి 1900లో మొదలుపెట్టింది ఒక్క మంచం వైద్యశాల. ఈరోజు చిత్తూరు, నెల్లూరు వాళ్లు కాట్పాడిలో రైలు దిగి నేరుగా అక్కడికే వెళతారు. ఇదంతా మీకు తెలిసే ఉంటుంది.

నేను రాయాలనుకున్నది వేరే సంగతి. తర్వాత పనిచేసిన ఒక ఆస్పత్రిలో మా వార్డు ఆయా ఉండేది, సంతకం కూడా రాదు. సాయంత్రం పని అయ్యాక ఇంటికి వెళ్లకుండా అరగంట ఉండి, ఎవరూ చూడడానికి రాని రోగుల గోళ్లు కత్తిరించేది. అడిగితే "యేసయ్య కాళ్లు కడిగాడు కదమ్మా, నాకు గోళ్లు చాలు" అనేది. మాకు నవ్వుగా ఉండేది. ఒకరోజు ఎడమ కాలి బొటనవేలు కింద నల్లటి చుక్క చూసి నన్ను పిలిచింది. షుగరు రోగి, స్పర్శ లేదు, ఆయనకే తెలియదు. రౌండ్లకు వచ్చిన డాక్టర్లు దుప్పటి ఎత్తి చూడలేదు, నేనూ చూడలేదు. ఇంకో వారం ఆగితే కాలు తీసేవాళ్లు. ఒక వేలితో పోయింది.

ఆ తర్వాత నేనూ రాత్రి డ్యూటీలో దుప్పటి ఎత్తి కాళ్లు చూడడం మొదలుపెట్టాను. గోళ్లు మాత్రం కత్తిరించలేదు, అంత ఓపిక నాకు లేదు.

ఆవగింజ_77
పదిహేనో వార్డు గారు, చదివి కాసేపు ఊరుకున్నాను.

శుక్రవారం_ఆరాధన
తూర్పు గోదావరి నుంచి కువైట్ వచ్చి 14 ఏళ్లు, ఇళ్లల్లో వంట పని. ఇక్కడ సెలవు శుక్రవారం, ఆరాధన కూడా ఆ రోజే. సెలవు దొరకని వాళ్లు బాత్రూములో ఫోను చిన్నగా పెట్టుకుని వాక్యం వింటారు. మేము పదహారు మంది ఆడవాళ్లం నెలకు తలా అర దినారు ఒక పాలపొడి డబ్బాలో వేస్తాం. నెలకు ఎనిమిది దినార్లు. నవ్వొస్తుంది కదా. ఆ డబ్బాతో నాలుగేళ్లలో ముగ్గురికి టిక్కెట్టు కొన్నాం. ఒకమ్మాయికి తల్లి చనిపోయింది, యజమాని జీతం ఇవ్వలేదు. రెండో రోజున విమానం ఎక్కించాం, మట్టి వేసే సమయానికి ఇల్లు చేరింది.

కోశాధికారి తమ్ముడూ, అందరూ ఫోనుతో కానుక ఇస్తున్నారన్నావు. మా అమ్మ చేతిలో ఎప్పుడూ ఫోను లేదు, డబ్బు లేదు. నాన్న జేబులోంచి వచ్చిందే కానుక. అమ్మ సొంతంగా ఇచ్చింది ఆ గుప్పెడే. అది ఆపేస్తే మీ మందిరంలో మా అమ్మలాంటి వాళ్ల కానుక సున్నా అవుతుంది. లెక్కల్లో ఆ గడి కూడా చూసుకో.

కోశాధికారి_కష్టాలు
అక్కా, ఇది నేను ఆలోచించలేదు.

ఫ్యాను_రెక్క
నా పేరు వెనక కథ ఇప్పుడు చెప్పాలి. మా మందిరంలో ఒక పెద్దాయన ఆరు ఫ్యాన్లు ఇచ్చి ప్రతి రెక్క మీదా ఎర్ర రంగుతో తన పేరు రాయించాడు. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు. అందుకని ఆయన వచ్చే ఆదివారం ఎంత ఎండ కాసినా ఒక ఫ్యాను ఆపి ఉంచేవాళ్లు. ఆ కింద కూర్చునేది ఎప్పుడూ మేమే.

పిఠాపురం_పిల్లోడు
మా దగ్గర కోతల పండుగ వేలంపాటలో ఒక గుమ్మడికాయ 4 వేలకు పోయింది. పాడినాయన కాయను మందిరంలోనే మరిచిపోయాడు. నాలుగు రోజులకు వాసన వచ్చింది.

నిలదీసేవాడు
నేను చెప్పిందీ అదే, ఇంత నవ్వించేలా చెప్పలేకపోయాను.

పాత_రిజిస్టరు
మా నాన్నగారు మెదక్ ప్రాంతంలో సంఘ కాపరి. నేను పుట్టింది మందిరం పక్క ఇంట్లో. ఎవరూ రాయని సంగతి ఒకటి ఉంది. మా దగ్గర బియ్యం పోగు చేసేది బైబిలు స్త్రీ, అంటే ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చెప్పే ఆమె. శనివారం సాయంత్రం సంచి దించి, నాన్నకు లెక్క చెప్పేది. కిలోల లెక్క రెండు నిమిషాల్లో అయిపోయేది. తర్వాత గంటసేపు ఇళ్ల లెక్క. ఫలానా ఇంట్లో డబ్బా ఖాళీ, పని దొరకడం లేదట. ఫలానా ఆమె తలుపు పూర్తిగా తీయలేదు, చెంప వాచి ఉంది. ఫలానా కోడలికి నెల తప్పింది. నాన్న సోమవారం ఎటు సైకిలు తొక్కాలో ఆ సంచి చెప్పేది. ఖాళీ డబ్బాలున్న ఇంటికి అదే సంచిలోంచి చీకటి పడ్డాక బియ్యం వెళ్లేవి.

మెదక్‌లో 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేసిన ఆ పెద్ద మందిరం చూడడానికి బస్సుల్లో వస్తారు. కరువులో జనానికి పని, తిండి దొరకాలని కట్టించిన కట్టడం, నేనూ గర్వపడతాను. కానీ మా సంఘాన్ని నిలబెట్టింది ఆ సంచి అని నా లెక్క.

కోశాధికారి గారూ, మీరు 61 కిలోల బియ్యం అమ్మారు. దాంతోపాటు వచ్చిన 84 ఇళ్ల కబురు ఎవరు విన్నారు?

లెక్కల_మాస్టారు
నేను అడిగిన ముప్పావు వంతుకు జవాబు ఇక్కడుంది. ఖాళీ డబ్బా కూడా ఒక కబురే.

నిలదీసేవాడు
బాగుంది, కానీ ఇళ్ల గుట్టు పాస్టరుకు చేరవేయడం కూడా ఇదేనని మరవకండి. కొన్ని చోట్ల అది పెత్తనం అయింది. ఎవరు కానుక వేయలేదో మైకులో చదివిన సంఘం నాకు తెలుసు.

పాత_రిజిస్టరు
నిజం. నాన్న తర్వాత వచ్చినాయన అదే చేశాడు. ఏడాదిలో సంచి ఆగిపోయింది.

కోశాధికారి_కష్టాలు
మూడు వారాలయింది, మళ్లీ వచ్చాను. మొన్న నెలాఖరుకు సంచి నేనే పట్టుకున్నాను. ఇద్దరు పెద్దావిడలతో మూడు రోజులు తిరిగాను. మొదటి రోజంతా నన్ను చూసి అప్పుల వాడు వచ్చాడనుకున్నారు. మా ఊరే, మా వాళ్లే, కానీ సగం ఇళ్ల వంటగది ఎప్పుడూ చూడలేదు.

మాస్టారూ, చపాతీలు కారణం కాదు. పందొమ్మిది ఇళ్లలో డబ్బా ఉంది కానీ అడగడానికి రెండేళ్లుగా ఎవరూ వెళ్లలేదు. పెద్దావిడలకు ఆ వీధి ఎత్తు ఎక్కడం కష్టమట, నాకెవరూ చెప్పలేదు. ఒకామె దగ్గర నిండిపోయిన డబ్బా పక్కన రెండోది, దాని పక్కన మూడోది. "వస్తారులే అని వేస్తూనే ఉన్నా నాయనా" అంది. పురుగుల సంగతి అడగకండి.

తొమ్మిది ఇళ్లలో డబ్బా నిజంగానే ఖాళీ. అందులో ఒక ఇంటాయనకు ఆర్నెల్లుగా డయాలసిస్, వారానికి రెండుసార్లు ఒంగోలు వెళ్లిరావడానికే ఉన్నదంతా అయిపోతోంది. ప్రతి ఆదివారం మందిరంలో నా ముందు వరుసలో కూర్చుంటాడు. బాగున్నారా అంటే బాగున్నాం అన్నాడు, నేను నమ్మాను.

ఈసారి 140 కిలోలు. అమ్మలేదు. చీకటి పడ్డాక నాలుగు ఇళ్లకు వెళ్లాయి. ఆటో ఉన్న కుర్రాడు ఒకడు డయాలసిస్ రోజున ఉదయం బస్టాండు దాకా దింపుతానన్నాడు. పేర్లు మైకులో చదవొద్దని అయ్యగారికి ముందే చెప్పాను, నిలదీసేవాడు గారి మాట గుర్తుంది. జమాఖర్చు కాగితం కూడా మందిరం తలుపుకు అంటించాను. అధ్యక్షురాలు అందులో ఒక కూడిక తప్పు పట్టుకుంది.

అయినా ఒక మాట. ఆ బియ్యం విలువ ఇప్పటికీ మూడు వేలు దాటదు. డబ్బు లెక్కగా చూస్తే నేను ముందన్నది తప్పు కాదని నా పట్టుదల.

లెక్కల_మాస్టారు
కోశాధికారి ఆ మాత్రం మొండిగా ఉండాల్సిందే.

శుక్రవారం_ఆరాధన
అమ్మ మాట్లాడుతోందా తమ్ముడూ?

కోశాధికారి_కష్టాలు
మాట్లాడుతోంది అక్కా. మూడు డబ్బాలామె బియ్యం చెరిగే పని నాకు అప్పజెప్పింది, చాట ఎలా పట్టుకోవాలో తిడుతూ చెబుతోంది. అన్నట్టు పురుగులకు ఏమైనా ఉపాయం ఉందా? మందు పెట్టకూడదు, తినేవాళ్లున్నారు.

పదిహేనో_వార్డు
ఎండబెట్టిన వేపాకు గుడ్డలో మూటకట్టి డబ్బా అడుగున పెట్టండి. పైన నాలుగు ఎండుమిరపకాయలు. ముందు డబ్బాను ఒక పూట ఎండలో బోర్లించండి.

ఐజ్వాల్_మకాం
మూత గట్టిగా ఉన్నది కొనండి. నాది వదులు మూత. బియ్యం లేకపోయినా పురుగులు ఎలా వచ్చాయో తెలియడం లేదు.

ఫ్యాను_రెక్క
ప్రసంగం వినడానికి వచ్చి ఉంటాయి.